పది కిలోమీటర్లు అంటే ఎంత దూరం?

ఉదయగిరి దుర్గం మీరెప్పుడైనా ఎక్కారా? మా సంగం నుంచి ఆత్మకూరు మీదుగా బస్సులో వెళ్తుంటే ఆ కొండ చాలా దూరం నుంచే కనబడుతుంది. ఐదు వందల ఏళ్ళ కిందట అది గజపతుల రాజ్యానికి దక్షిణపు సరిహద్దు కోట. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే 1514లో గానీ కోట చేజిక్కలేదు. ఒక కొండ కోసం అంత పట్టుదల ఎందుకో పైకెక్కి చూస్తే మీకే తెలుస్తుంది. అక్కడ నిలబడ్డ కావలివాడికి శత్రువు దండు బయలుదేరి వస్తున్న సంగతి, అది కొండ మొదటికి చేరకముందే ఎప్పుడో తెలిసిపోతుంది.

ఎత్తుకు వెళ్ళినకొద్దీ ఎక్కువ దూరం ఎందుకు కనబడుతుంది? భూమి గుండ్రంగా ఉంది కనుక. మీకు వచ్చిన పైథాగరస్ సిద్ధాంతంతోనే ఈ లెక్క కట్టవచ్చు. భూమి వ్యాసార్థం 6400 కిలోమీటర్లు. మీరు నిలబడ్డ ఎత్తును హెచ్ కిలోమీటర్లు అనుకోండి. భూకేంద్రం, మీ కన్ను, మీకు కనబడే చిట్టచివరి చోటు, ఈ మూడింటినీ కలిపితే లంబకోణ త్రిభుజం వస్తుంది. బొమ్మ గీసుకుని లెక్క చేస్తే, కనబడే దూరం దాదాపుగా 113ను హెచ్ వర్గమూలంతో హెచ్చించినంత అని తేలుతుంది. దుర్గం చుట్టూ ఉన్న నేలకంటే 700 మీటర్లు, అంటే 0.7 కిలోమీటరు, ఎత్తుందనుకుందాం. 0.7కు వర్గమూలం సుమారు 0.84. కాబట్టి దిగంతం దాదాపు 95 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మంచు, దుమ్ము అడ్డు రాకపోతేనే సుమా!

ఇప్పుడు ఆ కావలివాణ్ణి కొండ మీద నుంచి తీసి 9 కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానంలో కూర్చోబెట్టండి. అతడి దిగంతం 340 కిలోమీటర్లకు జరిగిపోతుంది. నిఘా విమానం అంటే ఇంతే. అది ఎగిరే దుర్గం.

అలాంటి దుర్గం ఒకటి మన విశాఖపట్నంలో ఉంది. రామకృష్ణా బీచ్‌లో జలాంతర్గామి మ్యూజియం ఎదురుగా నిలబెట్టిన టీయూ-142 విమానం అది. 1988 నుంచి 2017 దాకా మన నౌకాదళంలో పనిచేసిన రకం. పొడవు 53 మీటర్లు, రెక్కల కొస నుంచి కొసకు 50 మీటర్లు. మేం బడి పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్ళినప్పుడు, అందరూ ఒకే ఇరుసు మీద ఒకదానికొకటి ఎదురుగా తిరిగే జంట పంకాలను చూసి వింతపడుతుంటే, తొమ్మిదో తరగతి కుర్రాడొకడు మాత్రం, "సార్, దీన్ని ఎవరైనా కాలిస్తే లోపలున్నవాళ్ళు ఎట్లా బయటపడతారు?" అని అడిగాడు. అప్పుడు నేను చెప్పిన జవాబు ఒక్క మాటలో అయిపోయింది. యుద్ధ విమానంలోలాగా దీంట్లో పైలట్‌ను పైకి విసిరే కుర్చీలు ఉండవు అని. కానీ ఆ కుర్రాడి ప్రశ్న ఒక్క మాటతో తీరేది కాదు. అందుకే ఈ వ్యాసం.

మొదట మీకు ఒక సందేహం రావాలి. 340 కిలోమీటర్ల దూరం నుంచి కనబడుతున్నప్పుడు పరాయి దేశపు సరిహద్దు అంచుదాకా వెళ్ళటం ఎందుకు? హాయిగా మన ఇంటి మీదే తిరుగుతూ చూడవచ్చుగదా!

కనబడటం వేరు, పోల్చుకోవటం వేరు. దూరం రెట్టింపైతే ఫోటోలో వస్తువు పొడవు సగమవుతుంది. ఇక నిఘా విమానాలు కళ్ళతో చూసేదానికంటే చెవులతో వినేది ఎక్కువ. అవతలివాళ్ళ రేడార్లు ఎక్కడున్నాయి, ఏ తరంగదైర్ఘ్యంలో పనిచేస్తున్నాయి, వైర్‌లెస్‌లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఇవన్నీ వినాలి. దీపం వెలుగులాగే రేడియో తరంగాల తీవ్రత కూడా దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గిపోతుంది. 100 కిలోమీటర్ల దగ్గర వినిపించీ వినిపించని సంకేతం 50 కిలోమీటర్లకు వస్తే నాలుగు రెట్లు, 25కు వస్తే పదహారు రెట్లు బలంగా అందుతుంది. ఇంకొంచెం దగ్గరికి, ఇంకొంచెం దగ్గరికి అని లాగే ఆశ ఈ సూత్రంలోనే ఉంది. పైగా విమానం దగ్గరికి వస్తేనే అవతలివాళ్ళు కంగారుపడి తమ రేడార్లన్నీ ఆన్ చేస్తారు. వినేవాడికి కావలసింది అదే. పుట్టలో ఏముందో తెలుసుకోవటానికి పుల్ల పెట్టి కదిలించటం వంటిది ఈ పని.

దేశానికి నేల మీద, తీరం నుంచి సముద్రంలోకి 22 కిలోమీటర్ల దాకా, ఆ పైనున్న ఆకాశమంతా సొంతం. పరాయి సైనిక విమానం అనుమతి లేకుండా అందులోకి రాకూడదు. అంతర్జాతీయ నియమం ఇది. భారత్, పాకిస్తాన్‌లు 1991 ఏప్రిల్‌లో ఇంకొక అడుగు ముందుకు వేసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. యుద్ధ విమానాలు, బాంబర్లు, నిఘా విమానాలు ఒకరి గగనతలానికి ఒకరివి 10 కిలోమీటర్ల లోపు రాకూడదని దాని సారాంశం.

పది కిలోమీటర్లు అంటే మీకు చాలా దూరంగా తోచవచ్చు. సైకిల్ మీద బడికి వచ్చేవాళ్ళకు అది ముప్పావు గంట తొక్కుడు. విమానానికి ఎంతో చూద్దామా?

గంటకు 900 కిలోమీటర్లు పోయే జెట్ విమానం సెకనుకు 250 మీటర్లు పోతుంది. పది కిలోమీటర్లు దాటటానికి దానికి పట్టేది 40 సెకన్లు. ఈ వాక్యం మొదలుకొని ఈ పేరా చివరిదాకా మీరు నింపాదిగా చదివేలోగా అది గీత దాటిపోతుంది. సరే, పైలట్ సరిగ్గా పది కిలోమీటర్ల దగ్గర తప్పు తెలుసుకుని వెనక్కు తిప్పాడనుకోండి. విమానం ఆటోలా అక్కడికక్కడే తిరగలేదు. సైకిల్ మలుపు తిప్పేటప్పుడు మీరు లోపలి పక్కకు ఒరుగుతారు చూడండి, విమానం కూడా అలాగే ఒక రెక్క దించి ఒరిగి, పెద్ద వృత్తంలో తిరగాలి. ఆ వృత్తపు వ్యాసార్థం తెలియాలంటే వేగపు వర్గాన్ని గురుత్వ త్వరణంతోనూ, ఒరిగిన కోణపు టాన్ విలువతోనూ భాగించాలి. 30 డిగ్రీలు ఒరిగిందనుకుందాం. 250 వర్గం 62,500. టాన్ 30 విలువ 0.577. దాన్ని 9.8తో హెచ్చిస్తే 5.66. భాగిస్తే 11,000 మీటర్లు, అంటే 11 కిలోమీటర్లు! గీతవైపు సూటిగా పోతున్న విమానం పది కిలోమీటర్ల దగ్గర మలుపు మొదలుపెట్టినా, దాని ముక్కు పక్కకు తిరిగేలోపు అది గీతకు అవతల ఒక కిలోమీటరు దూరంలో ఉంటుంది.

గట్టిగా 60 డిగ్రీలు ఒరిగితే 3.7 కిలోమీటర్లలో తిరగవచ్చు. అప్పుడు లోపలున్న ప్రతి మనిషీ తన బరువుకు రెట్టింపు బరువుతో కుర్చీకి అదుముకుపోతాడు. యుద్ధ విమానపు పైలట్‌కు అది మామూలే. పదిహేను మంది యంత్రాల ముందు కూర్చున్న పెద్ద నిఘా విమానాన్ని అలా తిప్పటం తేలిక కాదు.

ఈ లెక్కను మనసులో పెట్టుకుని 1999 ఆగస్టు 10వ తేదీకి రండి. కార్గిల్ యుద్ధం ముగిసి రెండు వారాలే అయింది. ఆ రోజు ఉదయం పాకిస్తాన్ నౌకాదళపు అట్లాంటిక్ విమానం ఒకటి గుజరాత్‌లోని కచ్ ప్రాంతం, సింధు ప్రాంతం కలిసే సరిహద్దు దగ్గర తిరుగుతున్నది. ఫ్రాన్స్‌లో తయారైన, రెండు పంకాల విమానమది. మన విశాఖ విమానంలాగే సముద్రం మీద నిఘాకూ, జలాంతర్గాముల వేటకూ ఉద్దేశించినది. మన రేడార్లు దాన్ని చూశాయి. మన మిగ్-21 విమానాలు లేచాయి. వాటిలో ఒకటి వేడిని వెంటాడే క్షిపణితో దాన్ని కూల్చింది. అందులో 16 మంది ఉన్నారు. ఒక్కరూ మిగలలేదు.

అది మన గగనతలంలోకి చొరబడిందనీ, దిగమన్నా దిగక ఎదురుతిరిగినట్లు ప్రవర్తించిందనీ భారత్ చెప్పింది. ఆయుధాలు లేని శిక్షణ విమానమనీ, తమ గగనతలంలోనే ఉందనీ పాకిస్తాన్ చెప్పింది. శిథిలాలు గీతకు అతి దగ్గరలో పడ్డాయి. పాకిస్తాన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. ఈ వివాదం విచారించే అధికారం తనకు లేదని ఆ న్యాయస్థానం 2000 జూన్‌లో తేల్చింది. కనుక ఎవరు ఎక్కడున్నారన్నది ఏ న్యాయమూర్తీ తేల్చలేదు. అయితే ఒక సంగతి చూడండి. 1991 ఒప్పందం ప్రకారం నిఘా విమానం ఆ పది కిలోమీటర్ల పట్టీలోకి రానేకూడదు. ఆ ఒప్పందాన్ని పాటించి ఉంటే గీత ఎటుపక్క అన్న ప్రశ్నే పుట్టేది కాదు. అదే సమయంలో, ఆ విమానం గంటకు 480 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుంటే, ఆ పట్టీ మొత్తం దాటటానికి పట్టేది 75 సెకన్లే. నేల మీది అధికారులు, ఆకాశంలో ఉన్న పైలట్లు, రెండు వైపులా, ఇంత కొద్ది వ్యవధిలోనే ఆలోచించుకోవాలి. ఆ పదహారు మందీ ఎవరి బిడ్డలో కదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. విశాఖలో మా కుర్రాడు అడిగింది సరిగ్గా వీళ్ళ గురించే.

ఎత్తుకు ఎగిరితే చాలదా, ఎవరికీ అందకుండా? అలాగే అనుకున్నారు అమెరికావాళ్ళు. వాళ్ళ యూ-2 విమానం 21 కిలోమీటర్ల ఎత్తున ఎగిరేది. మన సూత్రంలో 21 వేసి చూడండి, దిగంతం 500 కిలోమీటర్లు దాటుతుంది. 1960 మే 1న పాకిస్తాన్‌లోని పెషావర్ నుంచి లేచిన యూ-2ను సోవియట్ క్షిపణి కూల్చింది. పైలట్ గ్యారీ పవర్స్ పారాచూట్‌తో దిగి పట్టుబడ్డాడు. ఆ గందరగోళంలో సోవియట్ సైన్యం తన సొంత మిగ్-19ను కూడా కూల్చుకుంది. దాని పైలట్ సఫ్రోనోవ్ చనిపోయాడు. ఆ నెలలోనే పారిస్‌లో జరగవలసిన అగ్రనేతల శాంతి సమావేశం కూడా భగ్నమైంది. విమానానికి చోటిచ్చిన పెషావర్ మీద బాంబులు వేస్తామని సోవియట్ నాయకుడు క్రుష్చేవ్ బెదిరించాడు. ఎవరి విమానమో ఎగిరింది, భయం మాత్రం పెషావర్ జనానికి.

ఇలాంటి విమానాలకు మనమూ చోటిచ్చాం. మన పొరుగు రాష్ట్రం ఒడిశాలో, కటక్ దగ్గర చర్బాటియా అనే విమాన స్థావరం ఉంది. 1962 చైనా యుద్ధం తరువాత అక్కడి నుంచి అమెరికా యూ-2లు చైనా సరిహద్దు ప్రాంతాలను ఫోటోలు తీశాయి. మొదటిది 1964 మే 24న ఎగిరింది. మూడు రోజులకు నెహ్రూ మరణించారు. ఈ వివరాలు అమెరికా 2013లో బయటపెట్టిన పత్రాలలో ఉన్నాయి. యాభై ఏళ్ళ దాకా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు తమ నెత్తిమీద ఎగిరినదేమిటో తెలియదన్నమాట.

ఎత్తును సముద్రమట్టం నుంచి కాదు, కింద తుపాకీ పట్టుకున్నవాడి నుంచి కొలవాలి. 1999 మే 21న కార్గిల్ కొండల మీద ఫోటోలు తీస్తున్న మన కాన్‌బెర్రా విమానాన్ని భుజం మీద నుంచి పేల్చే చిన్న క్షిపణి ఒకటి తాకింది. మైదానం మీదైతే ఆ క్షిపణి అంత ఎత్తుకు రాలేదు. పేల్చినవాడు ఐదు వేల మీటర్ల శిఖరం మీద నిలబడితే? ఏడు వేల మీటర్ల ఎత్తున పోయే విమానం అతడికి రెండు వేల మీటర్ల దూరంలోనే ఉన్నట్లు. దుర్గం అవతలివాడికి కూడా ఉంటుంది మరి. మన అదృష్టం, ఒక ఇంజను దెబ్బతిన్నా విమానం శ్రీనగర్‌లో క్షేమంగా దిగింది.

ఎవరూ కాల్చకపోయినా ప్రమాదం రావచ్చు. మీ బడి వార్షికోత్సవంలో స్లో సైకిల్ పోటీ పెడతారా? అందులో గెలవటం ఎంత కష్టమో మీకు తెలుసు. వేగం తగ్గేకొద్దీ సైకిల్ తూలిపోతుంది. విమానమూ అంతే. రెక్కల మీద లేపే బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. 2001 ఏప్రిల్ 1న చైనాకు చెందిన హైనాన్ దీవికి సుమారు 110 కిలోమీటర్ల దూరంలో అమెరికా ఈపీ-3 నిఘా విమానం నెమ్మదిగా పోతుంటే, రెండు చైనా జెట్‌లు దాని పక్కకు వచ్చాయి. జెట్ అంత నెమ్మదిగా ఎగరటమంటే స్లో సైకిల్ పోటీయే. ముక్కు పైకెత్తి, తూలకుండా, పక్కవాడికి తగలకుండా పోవాలి. ఒక జెట్ తగిలింది. అది రెండుగా విరిగి, పైలట్ వాంగ్ వీ సముద్రంలో పోయాడు. ముక్కు ఊడిన ఈపీ-3 రెండు కిలోమీటర్లకు పైగా కిందికి జారి, తేరుకుని, హైనాన్‌లోనే దిగింది. అందులోని 24 మందిని చైనా 11 రోజులు నిర్బంధించి వదిలింది. తప్పెవరిదన్న వాదన మాత్రం తెగలేదు.

వీటన్నిటికంటే ఘోరమైనది 1983 సెప్టెంబరు 1న జరిగింది. న్యూయార్క్ నుంచి అలాస్కా మీదుగా సియోల్‌కు పోతున్న కొరియా ప్రయాణికుల విమానం, దారి చూపే యంత్రాన్ని సరిగా పనిలో పెట్టకపోవటం వల్ల వందల కిలోమీటర్లు పక్కకు జరిగి సోవియట్ గగనతలంలోకి పోయింది. ఆ రాత్రే అదే దిక్కున అమెరికా నిఘా విమానం ఒకటి తిరిగింది. రెండూ నాలుగు ఇంజన్ల పెద్ద విమానాలు. రేడార్ తెర మీద చుక్కకూ చుక్కకూ పోలిక తప్ప తేడా ఏముంటుంది? తరంగం పోయి తిరిగి వచ్చిన కాలాన్ని బట్టి రేడార్ దూరం చెబుతుంది గానీ, లోపల కూర్చున్నది గూఢచారా, పసిపిల్లా అన్నది చెప్పదు. సోవియట్ జెట్ క్షిపణి వదిలింది. 269 మంది చనిపోయారు. నిఘా విమానానికి ఉద్దేశించిన అనుమానం దాంతో ఏ సంబంధమూ లేనివాళ్ళ మీద పడింది. సైన్యం కోసం తయారవుతున్న జీపీఎస్‌ను ప్రపంచంలోని పౌర విమానాలన్నీ ఉచితంగా వాడుకోవచ్చని అమెరికా ప్రకటించింది ఈ దుర్ఘటన తరువాత, ఆ నెలలోనే. ఈనాడు మీ ఇంట్లోని ఫోను దారి చూపించటం వెనుక ఈ కథ ఉంది.

మనుషులు లేని విమానాలు వచ్చాయిగా అంటారేమో. వచ్చాయి. 2019 జూన్ 20న ఇరాన్ అమెరికా మానవరహిత నిఘా విమానాన్ని కూల్చింది. అది కూడా మళ్ళీ అదే తగాదా. మా ఆకాశంలో ఉందని ఒకరు, లేదని ఒకరు. ప్రతీకారంగా దాడికి అన్నీ సిద్ధం చేసి, 150 మంది చనిపోవచ్చని తెలిసి చివరి నిమిషాల్లో ఆపేశానని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ తరువాత చెప్పారు. కూలిన విమానంలో మనుషులుంటే ఆ దాడి ఆగేదా? నాకు అనుమానమే.

ఇక ఉపగ్రహాలు. 1957లో స్పుత్నిక్ అందరి నెత్తిమీదుగా తిరిగినా ఎవరూ గొడవపెట్టలేదు. అంతరిక్షం ఏ దేశపు సొత్తూ కాదని 1967లో ఒప్పందమే జరిగింది. మన టీఈఎస్ ఉపగ్రహం 2001లోనూ, మబ్బుల గుండా కూడా చూడగల రీశాట్-2 2009లోనూ శ్రీహరికోట నుంచే లేచాయి. మరి నిఘా విమానాలు ఎందుకు మానలేదు? 500 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. ఆగి చూడలేదు. అది ఎప్పుడు వస్తుందో అవతలివాళ్ళకు ముందే తెలుసు, రైలు టైంటేబుల్ తెలిసినట్లు. ఆ సమయానికి దాచవలసినవి దాచేస్తారు. విమానం అలా కాదు, ఎప్పుడైనా వస్తుంది, గంటలకొద్దీ కాచుకుని ఉంటుంది. కనుక టీయూ-142 మ్యూజియంకు చేరినా, దాని పనిని అరక్కోణంలోని పీ-8ఐ విమానాలు చేస్తూనే ఉన్నాయి.

శ్రీహరికోట మాట వచ్చింది గనుక మీకొక లెక్క. అది 2022 దాకా మా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. సంగం నుంచి పక్షి ఎగిరే దారిన సుమారు 110 కిలోమీటర్లు. రాత్రిపూట ప్రయోగం ఉంటే మా పిల్లలు పెన్న మీది బ్యారేజీ దగ్గర ఆగ్నేయం వైపు తిరిగి నిలబడతారు. రేడియోలో అంకెలు సున్నాకు వచ్చిన తరువాత కూడా కాసేపు అక్కడ చీకటే ఉంటుంది. చెట్లూ కొండలూ అడ్డం లేవనుకుని, రాకెట్ ఎన్ని మీటర్లు పైకి లేచాక వాళ్ళ కంటికి ఆనాలో పైన చెప్పిన సూత్రంతోనే కట్టి చూడండి.